మొసలి కాపరి చదువు: పల్నాటిలో జంతుపోషణ విద్య

జంతుప్రదర్శనశాలలో జంతువులను సాకే ఉద్యోగానికి ఏ చదువు కావాలి, ఏ తర్ఫీదు ఇవ్వాలి అన్న ప్రశ్న తెలుగునాట ప్రభుత్వ కాగితాలకెక్కి అరవై ఏళ్లు దాటిందంతే. జంతువు గుణం తెలిసినవారు ఎవరు, ఆ తెలివిడికి అర్హత అని ముద్రవేసే అధికారం ఎవరిది అన్న తగవు మాత్రం అంతకన్నా చాలా పాతది. నరసరావుపేట, గురజాల, మాచర్ల ప్రాంతాలతో కూడిన పల్నాటిలో పెద్ద జంతుప్రదర్శనశాల ఏదీ లేకపోయినా ఈ తగవు నడిచిన మలుపులన్నీ ఆ ఒక్క సీమ చరిత్రలోనే కనిపిస్తాయి. వీరగాథలోని కోడిపుంజు, పుల్లరి కట్టలేని రైతు పశువు, ఎత్తిపోతల మడుగులోని మొసలి ఆ మలుపులకు గుర్తులు. ఇందులో మొసలి కథే ముఖ్యం, ఎందుకంటే అడవి జంతువును సాకడమూ నేర్పవలసిన విద్యేనని ప్రభుత్వం ఒప్పుకుని, దానికొక శిక్షణ సంస్థను హైదరాబాదులో నెలకొల్పింది మొసళ్ల కోసమే.

పల్నాటి చరిత్రలో జంతుపోషకుడి నేర్పు రాజ్యాల తలరాతను మార్చిన ఘట్టం అందరికీ తెలిసిందే. పన్నెండో శతాబ్దపు దాయాదుల పోరులో బ్రహ్మనాయుడి పక్షమూ నాయకురాలు నాగమ్మ పక్షమూ పందెం కోళ్ల మీద రాజ్యాన్ని ఒడ్డాయని, ఓడిన బ్రహ్మనాయుడి పక్షపు మాచర్లవారు ఏడేళ్లు వలస పోవలసివచ్చిందని, ఆ పగ చివరికి కారంపూడి రణరంగానికి దారితీసిందని శ్రీనాథుడి పేర ప్రసిద్ధమైన పల్నాటి వీరచరిత్రా, దాన్ని పాడే వీరవిద్యావంతుల సంప్రదాయమూ చెబుతాయి. కథలో చరిత్ర ఎంత, కల్పన ఎంత అన్న విచారణను పక్కన పెట్టినా, పుంజును ఎంచడం, మేపడం, బరిలోకి దించే వేళ నిర్ణయించడం ఒక ప్రత్యేక విద్యగా అప్పటికే చలామణిలో ఉందన్న సంగతి దానివల్ల తేటపడుతుంది. డేగ, కాకి, నెమలి, సేతు, పర్ల అంటూ ఈకల రంగును బట్టి పుంజులను వర్గీకరించి, ఏ రంగు పుంజు ఏ ఘడియలో ఏ రంగు దానిపై గెలుస్తుందో చెప్పే కుక్కుటశాస్త్రం ఈ విద్యకు ఏర్పడిన రాతరూపం. అందులోని జ్యోతిషం మాటెలా ఉన్నా, పందెంపుంజును నెలల తరబడి సాకేవాడు దాని ఒళ్లు పట్టడం, ఈత కొట్టించడం, మేత మార్చడం, రెట్ట చూసి అరుగుదల తెలుసుకోవడం వంటి పనుల్లో సంపాదించే అనుభవం నేటి జంతుసంరక్షకుడి దినచర్యకు దూరమైనదేమీ కాదు. తేడా ఉన్నది ప్రయోజనంలో: ఆ నేర్పు అంతా పుంజును కత్తికట్టి చంపించడానికే వినియోగపడింది. జంతువును బాగా ఎరగడానికీ దాని మేలు కోరడానికీ మధ్య ఇంత ఎడం ఉండగలదని గుర్తుంచుకోవడం ఈ వృత్తి చరిత్ర రాసేవారికి అవసరం.

పాత కాలంలో ఈ విద్యకు బడి అంటే ఇల్లే. గొర్రెల మందను గొల్లవాడి కొడుకు, గంగిరెద్దును ఆడించేవాడి కొడుకు, పామును పాములవాడి కొడుకు తండ్రి వెంట తిరిగి నేర్చుకునేవారు. చదువు ఎప్పుడు పూర్తయిందో తండ్రే తేల్చేవాడు. ఒంగోలు జాతి పశువుల పుట్టిల్లుగా పేర్కొనే ప్రాంతంలో నరసరావుపేట, వినుకొండ తావులు కూడా చేరి ఉన్నాయి. ఆ జాతికి పేరు తెచ్చిన మూపురమూ నడకా విశాలమైన ఒళ్లూ కొన్ని తరాల రైతులు ఏ కోడెను విత్తనానికి ఉంచాలి, దేన్ని కాడికి కట్టాలి అని కంటితో చూసి తేల్చుకున్న ఎంపిక వల్ల నిలిచినవి. కోటప్పకొండ తిరునాళ్ల రోజుల్లో ప్రభల వెంట నడిచే ఎడ్లను చూసి పళ్లు లెక్కపెట్టకుండానే వయసు చెప్పగలిగిన పెద్దలకు ఏ పట్టా ఉండేది కాదు, అడిగేవారూ లేరు.

అడగడం మొదలైంది అటవీశాఖ వచ్చాక. మద్రాసు ప్రెసిడెన్సీలో 1882 నాటి అటవీ చట్టం కింద అడవులను రిజర్వుగా ప్రకటించి, వాటిలో పశువులను మేపుకోవడానికి పుల్లరి అనే రుసుము విధించడంతో, అంతవరకు అడవిని తన పశువుల దొడ్డికి పొడిగింపుగా భావించిన పల్నాటి రైతు ఒక్కసారిగా చొరబాటుదారుగా లెక్కకు వచ్చాడు. కట్టనివారి పశువులను బందెలదొడ్డిలో పెట్టేవారు. 1921లో సహాయనిరాకరణ వేడి తగిలి మొదలైన పల్నాటి పుల్లరి సత్యాగ్రహం, మించాలపాడు రైతు కన్నెగంటి హనుమంతును 1922 ఫిబ్రవరిలో పోలీసులు కాల్చి చంపడంతో దేశచరిత్రలో నిలిచిపోయింది. స్వాతంత్ర్యోద్యమ ఘట్టంగా దీన్ని తరచు తలచుకుంటారు గాని, జంతుపోషణ చరిత్రలో దీనికున్న స్థానం గురించి ఎవరూ అంతగా మాట్లాడరు. అడవినీ జంతువునూ దగ్గరగా ఎరిగిన జనానికీ, వాటిపై అధికారం పొందిన శాఖకూ మధ్య పడిన ఈ వైరం, తర్వాత అదే శాఖకు జంతువులను సాకే మనుషులు కావలసివచ్చినప్పుడు కూడా పూర్తిగా తీరలేదు.

ఇదే ప్రెసిడెన్సీకి రాజధాని అయిన మద్రాసులో జంతుప్రదర్శనశాల 1855లోనే, మ్యూజియం ఆవరణలో, దాని అధిపతి ఎడ్వర్డ్ బాల్‌ఫోర్ చేతుల మీదుగా మొదలై, తర్వాత పీపుల్స్ పార్కుకు తరలింది. అక్కడ బోనులు కడిగినవారి పేర్లు గాని, వారికి ఏం నేర్పారన్నది గాని చరిత్ర పుస్తకాలకెక్కలేదు. ఇందుకు భిన్నంగా కలకత్తాలోని అలీపూర్ జూ, 1876లో తెరిచిన కొన్నాళ్లకే, రామబ్రహ్మ సన్యాల్ అనే యువకుణ్ణి చిన్న ఉద్యోగిగా చేర్చుకుంది. కంటిజబ్బు వల్ల వైద్యవిద్యను మధ్యలో వదులుకున్న ఆయన, జంతువులను రోజూ గమనించి రాసుకున్న వివరాల బలంతోనే ఆ సంస్థకు సూపరింటెండెంటు అయ్యాడు. బోనులో జంతువుల నిర్వహణ గురించి 1892లో ఆయన వెలువరించిన చేతిపుస్తకం, ఏ జంతువుకు ఏ మేత, ఏ రోగానికి ఏ లక్షణం, ఈనిక ఎప్పుడు అన్న వివరాలతో, చాలాకాలం ఈ రంగంలోని వారికి ఆధారగ్రంథంగా నిలిచింది. 1889లో ఆయన సంరక్షణలో సుమత్రా ఖడ్గమృగం ఒకటి ఈనింది. ఆ జాతి జంతువు మళ్లీ బంధనంలో పిల్లను పెట్టి బతికించడం 2001లో అమెరికాలోని సిన్సినాటి జూలో గాని సాధ్యపడలేదు. చదువుకున్న మనిషి బోను ముందు నిలబడి, చూసినదాన్ని ఏనాటికానాడు రాసిపెట్టుకోవడమే ఆయన పద్ధతి. తర్వాతి కాలంలో కీపర్ల శిక్షణ పేరిట నేర్పజూసినదంతా దాదాపు ఇదే.

తెలుగు ప్రాంతంలో ఆధునిక జూ అనదగినది హైదరాబాదులో మీరాలం చెరువు పక్కన సుమారు 380 ఎకరాల్లో వెలసిన నెహ్రూ జంతుప్రదర్శనశాల. 1963 అక్టోబరు 6న ప్రజలకు తెరిచిన ఈ జూకు నగరంలోని బాగె ఆం తోటలో ఉన్న పాత జంతువులను తరలించారు. ఇనుప కటకటాల స్థానంలో కందకాలు తవ్వి, చూసేవారికీ సింహానికీ మధ్య అడ్డు కనబడకుండా చేసే పద్ధతి హాంబర్గ్‌లో కార్ల్ హాగెన్‌బెక్ 1907లో ప్రవేశపెట్టినది. దాన్ని ఇక్కడ విరివిగా వాడడంతో కీపర్ పని స్వభావమే మారిపోయింది. ఇరుకు బోనులోని జంతువును వద్దన్నా చూడవలసివస్తుంది గాని, విశాలమైన ఆవరణలో పొదచాటున పడుకున్న జంతువును వెతికి చూసి, అది రాత్రి గదిలోకి రాకుండా మొరాయిస్తే కారణమేమిటో ఊహించి, రాబట్టగలగాలి. అంటే తాళాలు వేసే మనిషితో సరిపోక, గమనించే మనిషి కావలసివచ్చాడు. విశాఖపట్నంలో 1977లో, తిరుపతిలో 1987లో తెరిచిన జంతుప్రదర్శనశాలలు కూడా ఈ విశాలమైన ఆవరణల బాటనే నడిచాయి. ఈ సంస్థలన్నిటికీ క్యూరేటర్లు అటవీశాఖ నుంచి, వైద్యులు పశుసంవర్ధకశాఖ నుంచి వచ్చేవారు. కీపర్లు మాత్రం ఊరి నుంచే, చాలావరకు దినకూలి మీద చేరి, పాతవారి వెనక నడిచి పని నేర్చుకునేవారు.

ఈ పరిస్థితిలో మొసలి రంగప్రవేశం చేసింది. తోలు కోసం వేట, గుడ్ల ఏరివేత, ఇసుకతిన్నెలు నీట మునగడం వంటి కారణాలతో 1970ల నాటికి భారతదేశంలోని మూడు మొసలి జాతులూ, అంటే నదుల్లో చెరువుల్లో ఉండే మంచినీటి మొసలి, సముద్రతీరపు మడల్లో ఉండే ఉప్పునీటి మొసలి, ఉత్తరాది నదుల్లోని పొడవుమూతి ఘరియాల్, కనుమరుగయ్యే దశకు చేరాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటి వేటను నిషేధించినా, మిగిలినవి మరీ తక్కువ కావడంతో నిషేధమొక్కటే చాలదని తేలింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ పంపిన నిపుణుడు రాబర్ట్ బస్టర్డ్ 1974లో దేశంలో తిరిగి ఇచ్చిన సలహాపై 1975లో భారత మొసళ్ల ప్రాజెక్టు ప్రారంభమైంది. అడవిలో పెట్టిన గుడ్లను సేకరించి, కృత్రిమంగా పొదిగించి, పిల్లలను శత్రువుల బారి నుంచి తప్పించి సుమారు నాలుగడుగుల పొడవు వచ్చేదాకా పెంచి, తిరిగి నీటిలో వదలడం దాని సారాంశం. అయితే ఈ పని చేయగల మనుషులే లేరు. పులినో జింకనో పెంచిన అనుభవం జూలలో ఉన్నా, వేల సంఖ్యలో సరీసృపాల పిల్లలను సాకిన అనుభవం దేశంలో దాదాపు ఎవరికీ లేదు. అందుకే 1970ల చివరలో హైదరాబాదులో కేంద్ర మొసళ్ల పెంపక, నిర్వహణ శిక్షణ సంస్థ ఏర్పడింది. వివిధ రాష్ట్రాల అటవీ సిబ్బంది అక్కడ తరగతి గదిలో పాఠమూ, కొలను గట్టున పనీ కలిపి నేర్చుకున్నారు. 1982లో డెహ్రాడూన్‌లో భారత వన్యప్రాణి సంస్థ వెలిశాక ఈ సంస్థ అందులో భాగమైంది.

అక్కడ నేర్పవలసివచ్చిన విద్య ఎంత సున్నితమైనదో ఒక్క గుడ్డు విషయం చూస్తే చాలు. మంచినీటి మొసలి ఎండాకాలం ముందు గట్టు మీద గుంత తవ్వి పాతిక ముప్పై గుడ్లు పెట్టి పూడుస్తుంది. పెట్టిన కొద్ది గంటల్లోనే లోపలి పిండం పెంకు పైభాగానికి అతుక్కుంటుంది. ఆ తర్వాత గుడ్డును అటూ ఇటూ దొర్లిస్తే పిండం చచ్చిపోతుంది. కోడిగుడ్డును పెట్ట రోజూ దొర్లిస్తుంది కాబట్టి, పల్లెలో పుట్టి పెరిగిన మనిషికి చేతి అలవాటుగా వచ్చిన తెలివి ఇక్కడ ప్రాణాంతకమవుతుంది. అందుకని గుంత తెరిచిన మనిషి ప్రతి గుడ్డు పైభాగాన పెన్సిలుతో గుర్తు పెట్టి, అదే వాటంలో, గూటి ఇసుకలోనే సర్ది, కుదుపు లేకుండా మోసుకురావాలి. రెండు నెలలకు అటూ ఇటూగా సాగే పొదుగుదలలో వేడి కొంచెం తగ్గితే ఆడవి, ఒక మోస్తరుగా పెరిగి 32 డిగ్రీలు దాటితే ఎక్కువగా మగవి పుడతాయి. పొదిగే గదిలోని ఉష్ణమాపకాన్ని చూడడం మరిచిన ఉద్యోగి ఒక తరం మొసళ్లను మొత్తం ఒకే లింగంగా మార్చగలడన్నమాట. పొదిగే కాలం ముగిసే సమయానికి పిల్లలు గుడ్డులోంచే కూస్తాయి. అడవిలో ఆ కూత విన్న తల్లి గుంత తవ్వి వాటిని నోట కరచుకుని నీటికి చేరుస్తుంది. పెంపక కేంద్రంలో ఆ కూత వినవలసిన చెవి కాపరిది.

పిల్లలు బయటపడ్డాక పని తేలికపడుతుందనుకుంటే పొరపాటే. జానెడు పొడవున్న మొసలి పిల్ల మనిషి నీడకు, చప్పుడుకు బెదిరి మూలకు పారిపోతుంది. గుంపంతా ఒకదానిమీద ఒకటి పడితే అడుగునున్నవి ఊపిరాడక చస్తాయి. బలమైనవి మేతను ఆక్రమించుకుంటాయి కనుక పరిమాణాన్ని బట్టి వేరువేరు తొట్లలోకి మార్చాలి. ముల్లు తీసిన చేపముక్కలు పెడితే సున్నపు ధాతువు చాలక దవడలూ వెన్నూ వంకర తిరుగుతాయి కాబట్టి చిన్న చేపలను ముల్లుతో సహా వేయాలి. మిగిలిన మేత కుళ్లకముందే నీరు మార్చాలి. ఎండ కాగడానికి గట్టూ, తప్పుకోవడానికి నీడా రెండూ ఉండాలి. చలి రోజుల్లో మొసలి మేత మానేస్తే జబ్బని కంగారుపడకూడదు, వేసవిలో మానేస్తే మాత్రం వెంటనే కారణం వెతకాలి. వీటిలో జీవశాస్త్ర పట్టా లేనివారికి అర్థం కానిదేదీ లేదు. పట్టా ఉన్నంత మాత్రాన చేతికి వచ్చేదీ తక్కువే.

ఈ కార్యక్రమం కింద పెరిగిన మంచినీటి మొసళ్లను మంజీర, కిన్నెరసాని వంటి అభయారణ్యాలతో పాటు నాగార్జునసాగర్, శ్రీశైలం జలాశయాల ప్రాంతంలోనూ వదిలారు. 1955 డిసెంబరులో నెహ్రూ శంకుస్థాపన చేయగా 1967లో నీరు వదిలిన సాగర్ ఆనకట్ట ఇక్ష్వాకుల విజయపురిని ముంచేసి, నదిని జలాశయంగా మార్చింది. ఇలాంటి మార్పుకు ఘరియాల్ తట్టుకోలేకపోగా, మంచినీటి మొసలి నిలిచిన నీటిలోనూ సర్దుకుని గూడు పెట్టుకోగలదు. ఆనకట్టకు పదకొండు కిలోమీటర్ల దూరంలో, మాచర్ల మండలంలో, చంద్రవంక మీద సుమారు డెబ్బై అడుగుల ఎత్తు నుంచి పడే ఎత్తిపోతల జలపాతం కింది మడుగు మొసళ్ల పెంపక కేంద్రానికి నెలవైంది. దత్తాత్రేయుణ్ణీ మధుమతీదేవినీ కొలవడానికి వచ్చే యాత్రికులు, సాగర్ చూసి తిరిగే పర్యాటకులు పైనుంచి మడుగును చూస్తారు. బండ మీద కదలక పడివున్న జంతువు వెనక ఇంత విద్య ఉందని వారికి తట్టే అవకాశం తక్కువ. పల్నాటికి సంబంధించినంత వరకు, పుస్తకం నుంచి బయలుదేరి గట్టు దాకా వచ్చిన మొదటి జంతుపోషణ విద్య ఇదేనని చెప్పవచ్చు.

మొసళ్ల సంస్థ వేసిన బాట తర్వాత ఎటు పోయిందన్నది కొంత నిరాశ కలిగించే ప్రశ్న. అధికారుల శిక్షణ విస్తరించింది: వన్యప్రాణి సంస్థ అటవీ అధికారులకు డిప్లొమా, రేంజి స్థాయి వారికి సర్టిఫికెట్ కోర్సులు నడుపుతూ వచ్చింది. 1991లో వన్యప్రాణి చట్టాన్ని సవరించి, గుర్తింపు లేనిదే ఏ జూ నడవరాదని విధించడంతో 1992లో కేంద్ర జంతుప్రదర్శనశాలల ప్రాధికార సంస్థ ఏర్పడింది. దాని నిబంధనలు, ముఖ్యంగా 2009లో సవరించినవి, జూలను పెద్దవి, మధ్యరకం, చిన్నవి, మరీ చిన్నవి అని విభజించి, స్థాయిని బట్టి క్యూరేటరు, పశువైద్యుడు, జీవశాస్త్రవేత్త, విద్యాధికారి వంటి సిబ్బంది ఉండాలన్నాయి. కీపర్లకు కూడా ఉద్యోగంలో ఉండగానే కొద్ది రోజుల తరగతులు ఏర్పాటుచేసే పద్ధతి వచ్చింది. అయినా ఉద్యోగంలో చేరకముందే చదవదగిన కీపర్ కోర్సు తెలుగు రాష్ట్రాల్లో పాదుకోలేదు. ఇంగ్లాండులో కీపర్లకు ప్రత్యేక అర్హతాపత్రం ఇచ్చే కోర్సులున్నాయి. జెర్సీ ద్వీపంలో జెరాల్డ్ డరెల్ 1959లో స్థాపించిన జూ, అంతరించిపోతున్న జంతువుల పెంపకంలో ప్రపంచ దేశాల వారికి శిక్షణ ఇచ్చే కేంద్రాన్ని 1980ల నుంచీ నడుపుతోంది. ఇక్కడ మాత్రం అదే పనిని అవుట్‌సోర్సింగ్ మనిషికి అప్పగించి, పాతవారిని చూసి నేర్చుకోమనడం కొనసాగుతోంది. సంప్రదాయ విద్యను పక్కకు నెట్టిన వ్యవస్థ, ఆ విద్య నేర్పిన పద్ధతినే చవగ్గా వాడుకుంటోందనడం కఠినంగా తోచవచ్చు గాని అబద్ధం కాదు.

సంప్రదాయ పోషకుల పరిస్థితి కూడా ఇదే కాలంలో తారుమారైంది. పాములను పట్టి ఆడించడం 1972 చట్టంతో నేరమైంది. ఎలుగులు, కోతులు, పులులు, చిరుతలు, సింహాలను ప్రదర్శనల్లో ఆడించరాదని 1998లో కేంద్రం ప్రకటించాక సర్కసుల నుంచి వచ్చిన సింహాలూ పులుల కోసం విశాఖ, తిరుపతి జూల ఆవరణల్లో సంరక్షణ కేంద్రాలు వెలిశాయి. జంతువులకు ఆ మార్పు మేలు చేసింది, అందులో సందేహం లేదు. వాటిని ఆడించిన మనుషుల నేర్పుకు మాత్రం కొత్త వ్యవస్థలో చోటు దొరకలేదు. తమిళనాడులో పాములు పట్టే ఇరుళులు 1978లో సహకార సంఘంగా ఏర్పడి విషం సేకరించి అమ్ముకునే దారి పట్టారు. తెలుగు నేల మీద అలాంటి ప్రయత్నం ఆ స్థాయిలో జరగలేదు. కొంత మినహాయింపు నల్లమలలోని చెంచులు. 1978లో అభయారణ్యంగా, 1983లో పులుల సంరక్షణ ప్రాంతంగా మారిన నాగార్జునసాగర్–శ్రీశైలం అడవికి పల్నాటి పడమటి అంచూ కలుస్తుంది. అక్కడి శిబిరాల్లో అడుగుజాడలు పోల్చే కాపలాదారులుగా అటవీశాఖ చెంచులను పెట్టుకుంది. ఇసుకలో పడిన పాదముద్ర పాతదో కొత్తదో, ఆడదానిదో మగదానిదో, నడిచిందో పరుగెత్తిందో చెప్పడం వారు పసితనం నుంచి నేర్చినదే. 2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్దగుమ్మడాపురం దగ్గర తల్లిని వీడిన నాలుగు పులికూనలు దొరికినప్పుడు, తల్లిని వెతికి కలపాలని చేసిన ప్రయత్నం ఫలించక కూనలను తిరుపతి జూకు చేర్చారు. అడవి నేర్పూ జూ నేర్పూ ఎంత దగ్గరగా పనిచేయవలసివస్తుందో ఆ కొద్ది రోజుల్లో కనిపించింది.

నరసరావుపేటలోనో గురజాలలోనో ఇంటర్ చదివే విద్యార్థి నేడు ఈ వృత్తిలోకి రావాలంటే ఉన్న దారులు కొన్నే, అవీ ఒకదానితో ఒకటి కలవవు. పశువైద్య పట్టా ఒక దారి: 1955లో బాపట్లలో మొదలై తిరుపతికి తరలిన కళాశాల, 1998లో గన్నవరంలో వచ్చిన కళాశాల, 2005లో ఏర్పడ్డ శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద ఉన్నాయి. పదో తరగతి తర్వాత రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా ఉంది గాని దాని పాఠ్యమంతా ఆవు, గేదె, గొర్రె, కోడి చుట్టూ తిరుగుతుంది. జంతుశాస్త్రం వంటి సైన్సు పట్టాతో అటవీ సెక్షన్ అధికారి పరీక్ష రాయవచ్చు. అందులో మగవారు నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు, ఆడవారు 16 కిలోమీటర్లు నడిచి చూపించాలి. ఎంపికైనవారికి అకాడమీలో అటవీ చట్టమూ సర్వేయూ కలప లెక్కా నేర్పుతారు. బదిలీ మీద జూకు వస్తే మాత్రం జంతువును చూడడం అక్కడి కీపర్ దగ్గరే నేర్చుకోవాలి. ఆ కీపర్ జీతపు పట్టీలో ఇప్పటికీ చాలాచోట్ల నైపుణ్యం లేని కార్మికుడిగానే నమోదవుతున్నాడు.